పంటు దిగడానికి తొందరపడని కుర్రాడు

అమ్మడూ,

బెంచీ మీంచి లేవగానే ఎడమ చెయ్యి మెలితిరిగి, మూతి వంకరపోయి, పదిహేను సెకన్లలో మామూలైపోతున్నాడన్నావే, ఆ పిల్లాడికి ఫిట్స్ అని చీటీ మీద అప్పుడే రాయకు. ఆ కాసేపూ ఎదుటివాళ్ల మాటలు వినపడుతున్నాయా, తర్వాత గుర్తుంటున్నాయా అని అడుగు. స్పృహ తప్పకపోతే, నాలుక కొరుక్కోకపోతే, అది పరాక్సిస్మల్ కైనెసిజెనిక్ డిస్కైనీషియా కావచ్చు, అంటే ఒక్కసారిగా కదిలితే స్పృహలో ఉండగానే ఒళ్లు కాసేపు మెలితిరిగే జబ్బు.

నేను ఇలాంటి కేసులోనే బోల్తా పడ్డాను. కోటిపల్లి రేవులో పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఒడ్డుకు తగిలి, అందరితోపాటు గబుక్కున లేస్తే చాలు, ఆ కుర్రాడికి కాలు మెలికపడేది. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష నార్మల్. బడి ఎగ్గొట్టే వేషాలని తిట్టి పంపేశాను. వాళ్లమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. తర్వాతొకసారి నేనూ అదే పంటులో ఉన్నాను. అందరూ దిగిపోయేదాకా వాడు కూర్చునే ఉన్నాడు. రెండు పాదాలూ నేలకి ఆన్చి, కాసేపాగి, మెల్లిగా లేచాడు. వేషాలేసేవాడికి ఇంత జాగ్రత్త ఎందుకనిపించి సిగ్గేసింది.

నీ పిల్లాణ్ణి అయిదు నిమిషాలు స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కసారిగా లేచి వరండాలోకి పరిగెత్తమను. పట్టుకోడానికి పక్కన మనిషి ఉండాలి. ఫోన్లో వీడియో తియ్యి. వాళ్ల నాయనమ్మని తప్పకుండా పలకరించు. వీడికో, అన్నదమ్ములకో పసితనంలో ఫిట్స్ వచ్చాయా అని అడుగు. 2011లో బయటపడిన పీఆర్ఆర్‌టీ2 అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో పసితనపు ఫిట్సూ, ఈ మెలికలూ రెండూ కనిపిస్తాయి.

కదలికతో పనిలేకుండా, కాఫీ తాగాకో బాగా అలిసిపోయాకో వచ్చి నిమిషాలు, గంటలు ఉంటే అది వేరే రకం. చాలాసేపు నడిచాక కాళ్లు బిగుసుకుంటే ఇంకొకటి. దానికి మెదడుకి గ్లూకోజ్ సరిగా అందకపోవడం ఒక కారణం. పెద్దవయసులో కొత్తగా మొదలైతే ముందు షుగరు, కాల్షియం చూడు. వాంతుల ఇంజెక్షన్ చేశాక మెడ తిరిగిపోయి కళ్లు పైకి పోతే మాత్రం అది మనం ఇచ్చిన మెటోక్లోప్రమైడ్ పనే! ప్రోమెథజీన్ ఇస్తే సర్దుకుంటుంది. పీహెచ్‌సీలో ఇది నీకు అన్నిటికన్నా ఎక్కువగా తగులుతుంది.

ఈ పిల్లాణ్ణి కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో న్యూరాలజీ వాళ్లకి ఒకసారి చూపించు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ రాస్తారు. ఫిట్స్‌కిచ్చే డోసులో చిన్న వంతు, చాలామందికి రోజుకి 50 నుంచి 200 మిల్లీగ్రాములు చాలు. కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. మొదటి రెండు నెలలూ ఒంటిమీద దద్దురొచ్చినా, నోరు పూసినా మందు వెంటనే ఆపి పరిగెత్తుకు రమ్మని తల్లికి రెండుసార్లు చెప్పు. ముప్ఫై దాటేసరికి చాలామందికి తగ్గిపోతుందని కూడా చెప్పు, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

మందు పనిచేసేదాకా కాలవలో దూకి ఈదొద్దని వాడికి నువ్వే చెప్పు. ఇంట్లోవాళ్లు చెబితే వినే వయసు కాదు.

మీ పెదనాన్న