వాగ్దాన కార్డు, అరవై రోజుల గడువు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక పళ్ళెంలోంచి తీసుకున్న చిన్న కార్డు, దాని మీద యిర్మీయా 29:11, మీ గురించి నావి సమాధానకరమైన (శాంతినిచ్చే) ఉద్దేశాలే గాని హానికరమైనవి కావని దేవుడన్న మాట. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు. రెండు మూడు నెలలకు ఉద్యోగం తీసేశామని లేఆఫ్ మెయిల్ వస్తుంది. ఇక పాలకోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ కార్డే కళ్ళబడుతుంది. "సమాధానకరమైన ఉద్దేశాలన్నాడు కదన్నా, మరి ఇదేంటి? ఇప్పుడు బి2 విజిటర్ స్టేటస్‌కు అప్లై చేస్తే దేవుణ్ణి నమ్మనట్టేనా?" అమెరికాకు కొత్తగా వచ్చిన మన విశ్వాసులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు వాక్యంలోనూ ఉంది, కాగితాల్లోనూ ఉంది. రెండూ కలిపే చూడాలి.

ముందు ఆ వచనం ఏ ఉత్తరంలోదో ఆ ఉత్తరమంతా చదవండి. యిర్మీయా 29 పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు రాజునూ పెద్దలనూ పనివాళ్ళనూ బబులోనుకు చెరపట్టుకుపోయాక, యెరూషలేములో మిగిలిన యిర్మీయా వాళ్ళకు దీన్ని పంపాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. ఇవన్నీ 5 నుంచి 7 వచనాల్లో ఉన్నాయి. 10వ వచనంలో డెబ్బై ఏళ్ళు పడుతుందని చెప్పాడు. మన కార్డు మీది వచనం ఆ తర్వాత వస్తుంది. ఉత్తరం చదవగా విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం కళ్ళజూడరు. అయినా వాగ్దానం వాళ్ళకు కూడా ఇచ్చాడు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా చక్కబడుతుందన్నాడు. జనానికి నచ్చే మాట అది, దేవుడు చెప్పిన మాట మాత్రం కాదు.

కాబట్టి లేఆఫ్ వచ్చినందుకు ఆ వాగ్దానం తప్పిపోలేదు. ఈ ఉద్యోగం ఉంటుందని ఆ వచనం ఎప్పుడూ చెప్పలేదు. కష్టకాలంలోనూ నా తలంపుల్లో మీరున్నారు, ఈలోపు రోజువారీ పని మానకండి అని చెప్పింది. కార్డు మీద 12, 13 వచనాలు కూడా పట్టి ఉంటే బాగుండేది. నాకు మొరపెట్టండి, పూర్ణమనసుతో వెదకితే దొరుకుతాను అని అక్కడ ఉంది. ఆ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద వరం అదే.

ఏ వాగ్దానమైనా పట్టుకునే ముందు పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవడం అలవాటు చేసుకోండి. ఎవరితో అన్నాడు? షరతు ఉందా? ఇస్తానన్నది సరిగ్గా ఏమిటి? "తలగా నియమిస్తాను గాని తోకగా నియమించను" అన్న ద్వితీయోపదేశకాండము 28:13 మన సంఘాల్లో ప్రమోషన్ వచనమైపోయింది. అది ధర్మశాస్త్రం గైకొనే షరతుతో ఇశ్రాయేలు జనాంగానికి చెప్పిన మాట. ఫిలిప్పీ 4:19లో "మీ ప్రతి అవసరం తీర్చును" అని రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. అదే అధ్యాయం 12వ వచనంలో ఆకలిగా ఉండటం కూడా నేర్చుకున్నానన్నాడు. కీర్తన 91లో దూతల గురించిన వచనాన్ని యేసుకు ఎత్తి చూపింది అపవాది. "దేవుణ్ణి శోధింపవలదు" అని ఆయన తిప్పికొట్టాడు. ఆ కీర్తన చదువుకున్నాం కదా అని అమ్మానాన్నలను ఇన్సూరెన్స్ లేకుండా అమెరికా రప్పించేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కష్టం మధ్యలో మార్చకుండా, సాగదీయకుండా పట్టుకోగల వాగ్దానాలూ ఉన్నాయి. నిన్ను విడువను, ఎడబాయను (హెబ్రీ 13:5). జ్ఞానం కొదువగా ఉంటే అడగండి, ధారాళంగా ఇస్తాను (యాకోబు 1:5). ఫిలిప్పీ 4:6-7ను కాస్త నెమ్మదిగా చదవండి. చింత విన్నపంగా మారాలి, విన్నపానికి కృతజ్ఞత జోడించాలి. అక్కడ ఇస్తానన్నది ఆఫర్ లెటర్ కాదు, హృదయానికి కావలి కాసే సమాధానం, అంటే మనశ్శాంతి. లేఆఫ్ తర్వాత మొదటి వారం రాత్రుళ్ళు నిద్ర పట్టనివాళ్ళకు అది చిన్న సంగతి కాదు.

నమ్మకానికీ ముందుజాగ్రత్తకూ పొత్తు కుదరదనుకునేవాళ్ళు ఇస్సాకు కొడుకు యాకోబును చూడండి. ఆదికాండము 28:15లో "నీవు వెళ్ళు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుదును" అన్న వాగ్దానం ఆయనకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత, ఒకప్పుడు చంపుతానన్న అన్న ఏశావు నాలుగు వందలమందితో వస్తున్నాడని తెలిసింది. ఆయన తన మందను రెండు గుంపులు చేశాడు. నువ్వే కదా మేలు చేస్తానన్నావు అని దేవుని మాట దేవునికే గుర్తుచేశాడు. ఆపైన 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్ళు, 30 పాడి ఒంటెలు వాటి పిల్లలతో, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 గాడిద పిల్లలు కానుకగా ముందు పంపాడు. ప్రార్థన చేసిన చేత్తోనే మందలు లెక్కపెట్టాడు. అందుకు దేవుడు ఆయన్ను గద్దించలేదు.

మీరు లెక్కపెట్టాల్సినవి రోజులు. హెచ్1బి (కంపెనీ పిటిషన్ మీద ఇచ్చే వర్క్ వీసా) ఉద్యోగం పోతే, దేశంలో ఉండనిచ్చేది సాధారణంగా జీతం లెక్కలోకి వచ్చిన చివరి రోజు మర్నాటి నుంచి 60 రోజులు, లేదా ఐ-94 (ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ప్రవేశ రికార్డు) గడువు, ఏది ముందైతే అది. కంపెనీ సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) కింద మూడు నెలల డబ్బిచ్చినా ఆ 60 పెరగవు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మొదటి రోజే ఐ-94 ప్రింటు తీసి, చివరి తేదీని కార్డు పక్కనే ఫ్రిజ్ మీద రాసిపెట్టండి. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ మీ పిటిషన్ వేస్తే, అది ఇమ్మిగ్రేషన్ శాఖకు అందగానే పనిలో చేరవచ్చు. భార్యకో భర్తకో సొంత హెచ్1బి ఉంటే స్టేటస్ మార్పు ఫారం ఐ-539 వేసి, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళకిచ్చే హెచ్4కు మారవచ్చు. బి2కి కూడా అదే ఫారం. పెండింగులో ఉండగా దేశంలో ఉండవచ్చు గాని పని చేయకూడదు. గడువు దాటాక కొత్త కంపెనీ దొరికితే చిక్కులు మొదలవుతాయి, కాబట్టి మొదటి వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. నలభయ్యో రోజు దాకా ఆగడాన్ని విశ్వాసం అనుకోవద్దు. మెడికల్ ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోవాలి. కోబ్రా, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్సునే కొనసాగించే ఏర్పాటు, తీసుకోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు, తీసుకుంటే కవరేజి ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. ప్రీమియం మాత్రం మామూలుగా మొత్తం మీ జేబులోంచే.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు, నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. ఎడమ పేజీలో తేదీ, చదివిన భాగం, దేవుణ్ణి అడిగింది. కుడి పేజీలో ఆ రోజు చేసిన పని: ఎవరికి రెజ్యూమె పంపారు, ఏ రిక్రూటరుతో మాట్లాడారు, లాయరు ఏమన్నాడు. కుడి పేజీ వారమంతా ఖాళీగా ఉంటే బద్ధకానికి ప్రార్థన ముసుగు వేసినట్టే. ఎడమ పేజీ ఖాళీగా ఉంటే భయమే మిమ్మల్ని నడిపిస్తోందని అర్థం.

ఇప్పుడొక గట్టి మాట. అబ్రాహాముకు 75 ఏళ్ళప్పుడు పిలుపుతో పాటు వాగ్దానం వచ్చింది. 86 ఏళ్ళకు దాసి హాగరు ద్వారా ఇష్మాయేలు పుట్టాడు, 100 ఏళ్ళకు ఇస్సాకు పుట్టాడు. మధ్యలో తీసుకున్న దగ్గరి దారి ఆ ఇంట్లో ఎన్ని కన్నీళ్ళు పెట్టించిందో ఆదికాండము 16, 21 అధ్యాయాల్లో ఉంది. లేని ఐదేళ్ళ అనుభవం రెజ్యూమెలో పెట్టడం, దొంగ పే స్టబ్‌లు (జీతం చీటీలు) కొనడం, మన బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ చెప్పడం మన కాలపు హాగరు దారులు. వీసా విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు. అబద్ధంతో తెచ్చుకున్న ఉద్యోగానికి సాక్ష్యం చెప్పి స్తోత్రం చేయమంటే సంఘం ఏం చేయాలి? ఇంత విత్తనం వేస్తే నీ పిటిషన్ అప్రూవ్ అవుతుందని ఫోన్‌లో డబ్బడిగేవాళ్ళకు కూడా ఒక్క డాలరు పంపకండి. దేవుని వాగ్దానానికి ప్రాసెసింగ్ ఫీజు లేదు.

ఇంట్లో చెప్పాలా వద్దా అంటే, చెప్పండి. అమ్మకు బీపీ అని దాచితే, డబ్బు పంపడం ఆగిన నెల ఆమె ఇంకా ఘోరంగా ఊహించుకుంటుంది. ఊళ్ళో కుటుంబ ప్రార్థన రాత్రి పూటయితే మీకది పని వేళ. తెల్లవారుజామున 5:30కి మార్చమని అడగండి. తూర్పు తీరంలో అది ముందురోజు రాత్రి, వేసవిలో 8, చలికాలంలో 7. సంఘంలో పాస్టరుగారికీ, నమ్మకమైన ఇద్దరికీ వివరంగా చెప్పండి. రెండొందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో మాత్రం కంపెనీ పేరూ వీసా వివరాలూ పెట్టకండి, ప్రార్థించమని ఒక్క మాట చాలు.

అరవయ్యో రోజు దగ్గరపడి, వెళ్ళక తప్పదని తేలిందనుకోండి. యాకోబుకు ఇచ్చిన వాగ్దానంలో తిరిగి రప్పిస్తానన్న మాట కూడా ఉంది, అదీ సొంత దేశానికి. తీసేసిన కంపెనీ తిరుగు ప్రయాణానికి న్యాయమైన ఖర్చు ఇవ్వాలని హెచ్1బి నిబంధన ఉంది, అడిగి తీసుకోండి. ఇంటి లీజు, కారు, బ్యాంకు సంగతులు తేల్చుకోండి. హెచ్1బికి మామూలుగా ఉండే ఆరేళ్ళలో మీరు వాడని కాలం మామూలుగా పోదు. హెచ్1బి వీసాలకు ఏటా జరిగే లాటరీలో ఒకసారి లెక్కలోకి వచ్చారు కాబట్టి, తర్వాత కంపెనీ దొరికితే మిగిలిన కాలానికి మళ్ళీ లాటరీ లేకుండా అడగవచ్చు. దానికి కాగితాలు కావాలి.

ఈ విషయంలోనూ యిర్మీయానే చూడండి. 32వ అధ్యాయంలో యెరూషలేము ముట్టడిలో ఉంది, ఆయన బందీగా ఉన్నాడు. అప్పుడే అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. ఈ దేశంలో ఇళ్ళూ పొలాలూ మళ్ళీ కొంటారని దేవుడన్నాడు మరి. ముద్ర వేసిన క్రయపత్రాన్నీ, ముద్ర వేయని నకలునూ చాలా దినాలు నిలిచేలా మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు చెప్పాడు. మీరూ అన్ని ఐ-797లు (పిటిషన్ నోటీసులు), ఐ-94, చివరి మూడు పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు), ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఒక ఫైల్లో పెట్టండి. ఇంకో సెట్టు స్కాన్ చేసి మీ సొంత మెయిల్‌కు పంపుకోండి, కంపెనీ మెయిల్ మర్నాడే మూసేస్తారు. ఫైలు చెకిన్ సూట్‌కేసులో వేయకండి, చేతి సంచిలోనే పెట్టుకోండి. ఫ్రిజ్ మీది కార్డు కూడా తీసి అందులోనే పెట్టండి.