సాయంత్రమైతే నాడా బిగుసుకుంటోంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 41. రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట వేలాడుతోందని హైదరాబాద్‌లో టమ్మీ టక్ చేయించుకున్నాను. పది వారాలైంది. పొద్దున చదునుగానే ఉంటుంది. బడి నుంచి ఇంటికొచ్చేసరికి కుట్టుకు పైన ఉబ్బి, లంగా నాడా కోసుకుపోతోంది. బొడ్డు కింద మొద్దుబారి ఉంది. ఆపరేషన్ చెడిందా?

జవాబు: చెడిన లక్షణాలు ఇవి కావు. పొట్ట చర్మాన్ని కండ మీది నుంచి పక్కటెముకల దాకా లేపి, కిందికి లాగి కుడతారు. ఆ కోతలో లింఫ్ నాళాలు, అంటే ఒంట్లో చేరే అదనపు నీటిని తీసుకెళ్లే సన్నని గొట్టాలు, కూడా తెగుతాయి. గజ్జల వైపు దిగాల్సిన నీటికి ఇప్పుడు మచ్చ అడ్డం. అందుకే దానికి పైనే ఆగుతుంది, రోజంతా నిలబడితే పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. చాలావరకు మూడు నెలల్లో పోతుంది. మిగిలిన కొంచెం ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చు.

నాడా సంగతి చిన్నది కాదు. ముడి మచ్చకు కాస్త పైన పడితే, దాని మీద వాపు గట్టు కట్టినట్టు లేస్తుంది. కొన్నాళ్లు వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న లంగా వాడండి. ఆపరేషన్ తర్వాత పొట్టకు వేసుకునే బెల్టు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆ తర్వాత ఎక్కువసేపు నిలబడే రోజుల్లో వేసుకోవాలా అన్నది మీ సర్జన్‌నే అడగండి. బిగించిన కొద్దీ మంచిదన్న మాట తప్పు. మడత పడితే అక్కడే గాడి పడుతుంది. మన ఎండలకు లోపల కుట్లులేని నూలు బనియన్ ఉండాలి, లేకుంటే చెమటకు ఒరుసుకుపోతుంది.

ఉప్పు రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించొద్దు. మామిడికాయ తొక్కు, అప్పడాల్లోది కూడా అందులోనే లెక్క. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి, ఐసు పెట్టకండి, కాలినా తెలియదు.

ఒకటి చూసుకోండి. వెల్లకిలా పడుకొని పొట్టను ఒక పక్క మెల్లగా తడితే, రెండో పక్కకు నీటి అల కొట్టినట్టు కదులుతోందా? అయితే సెరోమా కావచ్చు, అంటే లోపల నీరు చేరినట్టు. స్కాన్ చేసి సిరంజితో తీస్తారు, ఒక్కసారితో పోకపోవచ్చు. మర్దనతో పోదు. జ్వరం, ఎర్రదనం, చీము ఉంటే ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఒక్క పిక్కే వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా ఆవిడకు ఇదే ఆపరేషన్ అయి పన్నెండో రోజు. లోపలి నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టం, డ్రెయిన్‌లో రోజుకు 45 మిల్లీలీటర్లు వస్తోంది. దేవరకొండలోనే తీయించొచ్చా?

జవాబు: తొందరపడకండి. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపుకు, అదీ వరుసగా రెండు రోజులు, తగ్గాకే తీస్తారు. రోజూ ఒకే వేళకు కొలిచి రాసిపెట్టి, ఆ కాగితం ఫొటో సర్జన్‌కు పంపండి. ఎక్కడ తీయించాలో ఆయనే చెప్పాలి. నిన్న 45 ఉన్నది ఇవాళ సున్నా అయి, పొట్ట ఉబ్బిందా? తగ్గిందని సంబరపడొద్దు, గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. గొట్టంలో ఒక్కసారిగా ఎర్రటి రక్తం కనబడితే మాత్రం వెంటనే బయల్దేరండి.