ఇండోనేషియా పంచశీల నాకు ఒక పెళ్లిలో అర్థమైంది

"ముస్లింలే ఎక్కువగా ఉన్న ఇండోనేషియా పంచశీలను ఎలా ఒప్పుకుంది? పాత ఇస్లామిక్ రాజనీతిని వదిలేసినట్టేనా?" అని అడిగారు. వదల్లేదండీ. ఇక్కడ పంచశీల అంటే నెహ్రూ కాలంనాటి ఒప్పందం కాదు, ఆ దేశపు ఐదు మూలసూత్రాలు.

ఇండోనేషియాలోని సురబయా నగరంలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. మా ఆఫీసులో ఒక అమ్మాయి పెళ్లికి వెళ్లాను. ఆమెకు తండ్రి లేడు, తండ్రి వైపు మగదిక్కూ లేదు. నికాహ్‌కి వలీ, అంటే పిల్లనిచ్చే పెద్ద, ఉండి తీరాలి. ఆ చోట నల్లటోపీ పెట్టుకున్న ప్రభుత్వ ఉద్యోగి కూర్చుని, పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని పిల్లనిచ్చాడు. తర్వాత ఇద్దరికీ పెళ్లి పుస్తకాలు అందించాడు. వాటి అట్ట మీద గరుడ పక్షి, దాని ఛాతీ మీద డాలులో పంచశీల ఐదు గుర్తులు. నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు: "వలీ లేని ఆడపిల్లకు సుల్తానే వలీ అని మా ధర్మశాస్త్రం."

మరి రిపబ్లిక్‌లో సుల్తాన్ ఎవరు? 1954లో చిపనాస్ ఊళ్లో ఉలమా, అంటే ఇస్లామిక్ ధర్మపండితులు, కూర్చుని తేల్చింది ఇదే. అప్పటి అధ్యక్షుడు సుకర్ణో ఖలీఫా కాడు. అయినా అధికారం ఆయన చేతిలో ఉంది కాబట్టి, అవసరం కొద్దీ ఆయన్ని పాలకుడిగా గుర్తించారు. ఈ వాదం వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. బలంతో రాజ్యం పట్టిన అమీర్లను ఖలీఫా గుర్తించవచ్చని 1058లో కన్నుమూసిన ఇస్లామిక్ న్యాయపండితుడు మావర్దీ రాశాడు. పాలకుడు చెల్లడంటే ఖాజీల పదవులూ చెల్లవు, పెళ్లిళ్లూ చెల్లవు అని ఆ తర్వాత మరో పండితుడు గజాలీ ఇంకా సూటిగా చెప్పాడు. సరిగ్గా ఆ అమ్మాయి పరిస్థితి!

పంచశీల మొదటి సూత్రంతో పాటే, ముస్లింలు షరియా పాటించాలన్న మాటలు 1945 జూన్ 22 నాటి జకార్తా చార్టర్‌లో, అంటే రాజ్యాంగ పీఠిక ముసాయిదాలో, ఉండేవి. స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడే, ఆగస్టు 18న, వాటిని తీసేశారు. తూర్పు ప్రాంతాల క్రైస్తవులు విడిపోతారేమోనన్న భయం అందుకు పెద్ద కారణం. ఆ తీసివేతను ద్రోహమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1984లో నహ్దతుల్ ఉలమా అనే పెద్ద ముస్లిం సంస్థ పంచశీలను తన సంస్థకు మూలసూత్రంగా ఒప్పుకుంది. పంచశీల మతం కాదు, మతానికి బదులూ కాదు, మొదటి సూత్రంలో ఉన్న ఏకదైవం మా తౌహీదే, అంటే దేవుడు ఒక్కడేనన్న మా నమ్మకమే అని స్పష్టంగా ప్రకటించింది. నాకు ఈ వాదం నిజాయితీగానే అనిపిస్తుంది. కానీ సుకర్ణో తర్వాత వచ్చిన అధ్యక్షుడు సుహార్తో ఒత్తిడి అప్పటికే ఉంది. మరుసటి ఏడాది సంస్థలన్నిటికీ ఇదే ఏకైక ఆధారం కావాలని చట్టమే తెచ్చాడు. అది మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఉలమా వాదించి ఒప్పుకున్నదాన్ని కూడా, భయపడి ఒప్పుకున్నారనిపించేలా చేసింది ఆ చట్టం.