62కి 40 కలిపితే 102 ఎందుకైంది?

ప్రశ్న: ఒక టెన్నిస్ మ్యాచ్‌కి ప్రిడిక్షన్ మార్కెట్లో ధరలు చూశాను. ఒక ఆటగాడిది 62 సెంట్లు, రెండోవాడిది 40. ఇవి గెలుపు శాతాలే అయితే మొత్తం 100 రావాలి కదా, ఆ 2 ఎవరి జేబులోకి పోతోంది? పైగా 62 పలికినవాడే ఓడిపోయాడు. మార్కెట్ తప్పినట్టేనా?

జవాబు: ఆ 2 ఎవరి జేబులోకీ పోలేదండీ. అక్కడ అమ్ముడయ్యేది ఒక కాంట్రాక్టు. ‘ఫలానావాడు గెలుస్తాడు’ అన్నది నిజమైతే డాలరు, కాకపోతే సున్నా. మొదటివాడి మీద 60 సెంట్లు పెడతానని ఒకరు కాచుక్కూర్చున్నారనుకోండి. డాలరు నిండాలంటే ఎదుటి పక్షం 40 వెయ్యాలి. మీకు కనబడ్డ 40 అదే. ఇంకో పక్క 62కి పైసా తగ్గనని మరొకరు భీష్మించుకున్నారు. 60కీ 62కీ మధ్య తెగని బేరమే మీ 2 సెంట్లు. ఇద్దరినీ మీరే కొంటే మాత్రం 102 పెట్టి 100 తెచ్చుకుంటారు. ఫీజు దానికి అదనం.

పందేలు కట్టించుకునే బుకీ దగ్గర కథ వేరు. సమ ఉజ్జీల పోటీకి ఇద్దరికీ 1.91 ఇచ్చాడంటే (డాలరు పెట్టి గెలిస్తే చేతికొచ్చే మొత్తం అది), 1ని 1.91తో భాగించి చూడండి: ఒక్కొక్కరికి 52.4 శాతం, ఇద్దరికీ కలిపి 104.7. ఆ పైది అతను తన కోసం అట్టేపెట్టుకున్నది. మార్కెట్లో అయితే ఒకరి మాట ఒకరికి నచ్చని జనమే ధర కడతారు. జనం పలచగా ఉన్న చిన్న టోర్నీల్లో కొనేవాళ్లు 50 దగ్గర, అమ్మేవాళ్లు 68 దగ్గర నిలబడి ఉంటారు. తెర మీద మాత్రం ఎప్పుడో తెగిన చివరి బేరం, 66 అని మెరుస్తూంటుంది. దాన్ని గెలుపు శాతమని నమ్మకండి.

ఇక ఓటమి సంగతి. 62 పలికినవాళ్లు వందలో 38 సార్లు ఓడాలి. ఒక్కసారీ ఓడకపోతేనే అనుమానించాలి! నేను డబ్బు పెట్టను గానీ, మ్యాచ్‌కి ముందు ధర రాసుకునే నోట్‌బుక్కు ఒకటుంది. గెలుపుకి 1, ఓటమికి 0 అనుకోండి. 0.62 అన్నవాడు గెలిస్తే తేడా 0.38, దాని వర్గం 0.14. ఓడితే తేడా 0.62, దాని వర్గం 0.38. ఇలా వచ్చినవాటి సగటే బ్రయర్ స్కోరు, తక్కువైతే మేలు. ప్రతి మ్యాచ్‌కీ ‘సగం సగం’ అని తప్పించుకునేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మార్కెట్ ఆ పిరికివాణ్ని దాటిందా అన్నది ఒక్క మ్యాచ్‌తో తేలదు, పేజీలు నిండాలి.

ఆ నోట్‌బుక్కులో ఒక ఎర్రగీత ఉంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌. ‘ఫలానా జట్టు గెలుస్తుందా?’ అన్నదానికి ‘కాదు’ 55 సెంట్లు. ‘కాదు’ అంటే ఎదుటి జట్టు గెలుపేగా అని రాసేసుకున్నాను. ఆట 1-1తో ముగిసింది. ‘కాదు’ కొన్నవాళ్లకి డాలరు దక్కింది, నా పేజీకి సున్నా. డ్రాకి విడిగా ఇంకో కాంట్రాక్టు ఉంటుందని అప్పటికి నా బుర్రకెక్కలేదు.

టెన్నిస్‌లో ఆ బాధ లేదు గానీ, ఆటగాడు గాయపడి మధ్యలో తప్పుకుంటేనో, అసలు కోర్టులోకే రాకపోతేనో? తర్వాతి రౌండుకు వెళ్లినవాడికి డాలరు ఇస్తారా, చెరి సగం పంచుతారా? ఒక్కో మార్కెట్‌ది ఒక్కో నిబంధన. ధరల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఎర్రగీత పడ్డాక నేను ముందు చదివేది అదే, ధర ఆ తర్వాతే.