పుతూతు శంఖాన్ని చేతిలోకి తీసుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పెరూ వెళ్ళి, చావిన్ దె వాంతర్ అనే ప్రాచీన గుడి శిథిలాల్లో దొరికిన పుతూతులను, అంటే అక్కడివాళ్ళు ఊదే శంఖాలను, పరిశీలించి బాగుచేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. ఆ ఊరు 3,000 మీటర్లకు పైన ఉంది కనుక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకో. శంఖాన్ని ముట్టుకోకముందే ఫొటోలు తీసి, తూకం వేసి, నోటుపుస్తకంలో వ్రాసుకో.

ఇక అసలు సంగతి. నా తొలి ఉద్యోగంలో ఒక పాత గుడి శంఖాన్ని, కొత్త ప్లైవుడ్ వాసన ఇంకా పోని పెట్టెలో పెట్టి తాళం వేశాను. వానాకాలం వెళ్ళాక తెరిస్తే దాని మీద పిండి చల్లినట్టు తెల్లని పొడి ఉంది. బూజనుకుని, ఎవరినీ అడగకుండా, వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిచాను. సన్నగా నురగ వచ్చింది. మురికి వదులుతోందని సంతోషించాను కూడా. వదిలింది మురికి కాదమ్మా, శంఖమే. చెక్క నుంచి వెలువడిన ఆమ్లపు ఆవిర్లు సున్నపు పెంకును తినడం వల్ల పుట్టిన లవణమది. దాని మీద నేను మరింత ఆమ్లం పోశాను. తరతరాలుగా పెదవులు తగిలి నున్నబడిన అంచు సుద్దముక్కలా గరుకైపోయింది, తాడు ఒరుసుకున్న సన్నని గీతలు మాయమయ్యాయి. మా పై అధికారి కోప్పడలేదు. ఆ గీతలు ఎటు నుంచి ఎటు సాగాయో గీసి చూపమన్నారు. కాగితం ముందు పెట్టుకుని ఒక్క గీతా గీయలేకపోయాను.

చావిన్‌లో 2001లో గుడి లోపలి ఒకే గ్యాలరీలో, అంటే సొరంగంలాంటి రాతి గదిలో, దొరికిన 20 శంఖాలు సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. వెచ్చని సముద్రంలో పెరిగిన ఆ పెంకుల్ని కొండల మీదికి మోసుకొచ్చి, కొన కోసి, అంచున వి ఆకారపు గాటు పెట్టి, బొమ్మలు చెక్కి ఊదిన వాళ్ళు వ్రాతలేవీ మిగల్చలేదు. వాళ్ళ వేళ్ళు ఎక్కడ ఆనాయో చెప్పగలిగింది ఆ అరుగుదలే. అందుకే మెరుగు పెట్టకు, మట్టి కణాన్నైనా పరీక్షించకుండా తీసెయ్యకు. విరిగిన ముక్క అతకాల్సి వస్తే, అవసరమైనప్పుడు అసిటోన్‌తో మళ్ళీ కరిగించగల పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడు. పరిశోధకులు వాటిని ఊది ధ్వని కొలిచిన మాట నిజమే. బీట ఉన్నదాన్ని మాత్రం, ఎవరు అడిగినా, నువ్వు ఊదవద్దు తల్లీ, ఊపిరి తడి బీటలోకి దిగుతుంది.

చిన్నప్పుడు మా అమ్మ పూజగదిలో శంఖాన్ని చెవికి ఆనించుకుని నువ్వు గంటలకొద్దీ కూర్చునేదానివి. ఆ ఓపిక నీలో ఉందనే నా ధైర్యం. చేరగానే అక్కడ శంఖాలు దాచిన సొరుగులు చెక్కవో ఇనుపవో చూసి నాకు వ్రాయి.

మీ పెద్దనాన్న