చలికాలంలో తిరుపతి నుంచి పక్షులను చూడడానికి తీరానికి వెళ్లాలా, కొండకు వెళ్లాలా?

ఒక్కరోజే ఉంటే తీరానికే నా ఓటు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామునే బయలుదేరి సూళ్లూరుపేట చేరండి. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. లోతు లేని ఉప్పునీటిలో ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ సన్నటి జీవులను వడకట్టుకుంటాయి. బైనాక్యులర్ లేకపోతే అవి గులాబీ చుక్కలే. దగ్గరలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో, నీళ్లలో నిలిచిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లలను సాకుతుంటాయి. ఆ వాసనకు మాత్రం సిద్ధపడి వెళ్లండి! ఇక శేషాచలం కొండల్లో వెతకాల్సింది పసుపు గొంతు పికిలిపిట్టను. దక్షిణ భారతంలోని రాళ్ల కొండల్లో తప్ప అది మరెక్కడా ఉండదు. వలస పక్షి కాదు కాబట్టి వేసవిలో వచ్చినా దొరుకుతుంది.