చించినాడ రేవు టాక్సీలు, వాటి డ్రైవర్లు

పూర్వపు షేర్ టాక్సీలు, వాటి డ్రైవర్లు ఎలా ఉండేవారని అడిగారు. 1980లలో పాలకొల్లు నుంచి చించినాడ రేవుకు ఆ టాక్సీల్లోనే తిరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను: ప్రయాణికుణ్ణి గమ్యం చేర్చే పూచీ అంతగా నెత్తిన వేసుకున్న డ్రైవర్లను నేను మళ్ళీ చూడలేదు.

అన్నీ అంబాసిడర్లే. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కనుక ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటిగా ఉండేది. అందులో డ్రైవరు కాక ముగ్గురు, వెనక నలుగురైదుగురు, పిల్లలు ఒళ్ళో. సీట్లు నిండితే గాని బండి కదిలేది కాదు.

గోదావరి పాయ వశిష్ఠ మీద అక్కడ అప్పటికింకా వంతెన లేదు. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటితే అవతల దిండి, ఆపైన రాజోలు. రాజోలులో మా మేనత్తకు నొప్పులు మొదలయ్యాయని కబురు రాగా, ఒక శ్రావణమాసపు సాయంత్రం నాయనమ్మా నేనూ బయలుదేరాము. ముసురు పట్టి ఉండడంతో మేము కాక ఇద్దరే ఎక్కారు. ఖాళీ సీట్ల డబ్బు కూడా తానే ఇస్తానని నాయనమ్మ అంటే, "పురిటికి వెళ్ళేవారి దగ్గర ఆ డబ్బు తీసుకుంటానా మామ్మగారూ, కూర్చోండి" అని డ్రైవరు బండి తీశాడు. ఏటిగట్టు కనబడింది మొదలు హారను ఆపలేదు. ఆఖరి పంటు తాడు విప్పుతున్న సరంగు ఆ మోత గుర్తుపట్టి ఆగాడు. డ్రైవరు నాయనమ్మ చేయి పట్టుకుని బురదగట్టు దించి, పంటు ఎక్కించి, అవతలి ఒడ్డున ఆమెను టాక్సీ ఎక్కించే వరకు బాధ్యత నీదేనని సరంగుకు అప్పజెప్పి మరీ వెనుదిరిగాడు. బిడ్డ భూమ్మీద పడేసరికి నాయనమ్మ పక్కనే ఉంది.

మితిమీరి జనాన్ని ఎక్కించేవారని విమర్శించేవారున్నారు. అది నిజమే, ప్రమాదమే. కానీ ఆసుపత్రిలో ఉన్నవారికి క్యారేజీలు, పొరుగూరి నుంచి మందులు అందించింది కూడా వారే. ఈనాడు ఫోనులో కారు పిలిస్తే, వాన పడుతోందని రద్దు చేసిన డ్రైవరు ముఖమైనా మనకు తెలియదు.

2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగినప్పుడు వచ్చిన రాతల్లో మంత్రుల తెల్లకార్ల ప్రస్తావన చూశాను గాని, ఆ కారును గోతుల రోడ్ల మీద ఏళ్ళ తరబడి నడిపి జనాన్ని రేవులకు చేర్చిన డ్రైవర్ల గురించి ఒక్క వాక్యం కూడా నా కంటబడలేదు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు ప్రాంతాల్లో ఆ తరంవారు మీ ఇంట ఉంటే, స్టాండులో వంతులు ఎలా వేసుకునేవారో, రేవు మనుషులతో వారి ఒప్పందాలేమిటో అడిగి రాసిపెట్టండి.